నాకౌట్ కప్పు పెడుతున్నారా? ముందు చీట్ల సంగతి చూడండి

అనంతపురంలో నాది జిరాక్స్ షాపు. ఏటా వేసవి సెలవుల్లో మా పేట కుర్రాళ్లు ఫుట్‌బాల్ నాకౌట్ కప్పు పెడతారు. రసీదు పుస్తకాలు, పాంప్లెట్లు నేనే ప్రింటు వేసి ఇస్తాను కాబట్టి, మొదటి ఏడాది "అన్నా, డ్రా కూడా నువ్వే వేసివ్వు" అని నామీద పెట్టేశారు. డ్రా అంటే ఎవరితో ఎవరు ఆడాలో తేల్చడం. వేసిచ్చాను, చేతులు కాల్చుకున్నాను.

పదకొండు జట్లు వచ్చాయి. రెండేసి జట్లను జత కట్టుకుంటూ పోయాను. ఐదు మ్యాచులు, ఒక జట్టు మిగిలింది, దానికి బై, అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు. రెండో రౌండుకు ఆరు జట్లు, మూడు మ్యాచులు. బాగానే ఉందనుకున్నాను. సెమీస్‌కు చూస్తే మూడు జట్లు! వాళ్లలో ఒకరిని ఆడించకుండా ఫైనల్‌కు పంపాలి. చీటీ వేసి పంపాం. మిగతా రెండు జట్లు పొద్దున ఎండలో ఆడాయి. గెలిచినవాళ్లు సాయంత్రానికి కాళ్లు పట్టేసి, ఫైనల్లో మూడు గోల్స్ ఇచ్చుకున్నారు. ఆ జట్టు మేనేజరు ఇప్పటికీ మా షాపుకు వస్తే ముందు ఆ మాట ఎత్తి, తర్వాతే జిరాక్స్ కాగితం ఇస్తాడు.

తప్పు ఎక్కడుందంటే, బైలన్నీ మొదటి రౌండులోనే అయిపోవాలి. 4, 8, 16, 32, 64 అనే మెట్లు గుర్తుపెట్టుకోండి. పదకొండు జట్లొస్తే పై మెట్టు 16. పదహారులో పదకొండు తీసేస్తే ఐదు. ఐదు జట్లకు బై. మిగతా ఆరు మూడు మ్యాచులు ఆడతాయి. గెలిచిన మూడు, బై వచ్చిన ఐదు కలిపి ఎనిమిది. ఇక అక్కడినుంచి ఫైనల్ దాకా లెక్క తప్పదు. మొత్తం మ్యాచులు ఎన్నంటే, జట్ల కంటే ఒకటి తక్కువ. ఒక్కో మ్యాచ్‌కు ఒక జట్టు ఇంటికి పోతుంది, పది జట్లు పోవాలి, కాబట్టి పది మ్యాచులు. రిఫరీలకు ఇచ్చే డబ్బు, నీళ్ల క్యాన్లు అన్నీ ఈ పదిని బట్టే లెక్కేసుకోండి.

ఇంగ్లండులో చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్పులోనూ ఇదే లెక్క నడుస్తుంది. చిన్న క్లబ్బులు ముందునుంచీ ఆడుకుంటూ వస్తే, రెండో రౌండు అయ్యేసరికి ఇరవై మిగులుతాయి. పై రెండు డివిజన్ల 44 క్లబ్బులు మూడో రౌండులో దిగుతాయి. మొత్తం 64, సరిగ్గా మెట్టు మీద. పెద్దవాళ్లకు అది బై కాక మరేమిటి? అంతటి కప్పు కూడా మొదట్లో నాలాగే తడబడింది. 1871-72లో పదిహేను జట్లతో మొదలుపెడితే, గ్లాస్గో నుంచి వచ్చిన క్వీన్స్ పార్క్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే సెమీస్‌కు చేరింది. ఈ సంగతి తెలిశాక నాకు కొంచెం మనసు కుదుటపడింది.

ఇక చీట్లు. చీటీల్లో జట్టు పేరు రాయొద్దు, నంబరు రాయండి. ఏ నంబరు ఏ జట్టుదో ముందే పెద్దగా రాసి గోడకు అంటించండి. ఎఫ్ఏ కప్పులో తీసేది నంబరు వేసిన బంతులే. కాగితమంతా ఒకే రకం, ఒకే సైజు ఉండాలి. ఒకసారి పది చీట్లు మామూలు ఏ4తో కత్తిరించి, కాగితం చాలక పదకొండోది పెళ్లిపత్రిక అట్టముక్కతో చేశాను. చెంబులో చెయ్యి పెట్టినవాడికి అది తడిమితేనే తెలిసిపోతుంది. ఎవరో పట్టేశారు, గొడవైంది. ఇప్పుడు ఒకే షీటు కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, స్టీలు బిందెలో వేసి, జట్ల పేర్లు కూడా తెలియని చిన్నపిల్లతో తీయిస్తున్నాను. ముందు తీసిన ఐదూ బైలు.

"గుంతకల్లు, తాడిపత్రి రెండూ గట్టి జట్లు, ఫైనల్ దాకా ఎదురుపడకుండా చార్టులో ఆ పక్కొకటి ఈ పక్కొకటి పెట్టన్నా" అని తప్పకుండా అడుగుతారు. పెట్టకండి. ఎఫ్ఏ కప్పులో అలాంటి ఏర్పాటు లేదు, పెద్ద క్లబ్బులు రెండూ దిగిన రోజే తలపడొచ్చు. పోయినేడు గెలిచినవాళ్లకు బై ఇవ్వమన్నా ఇవ్వకండి. 2025లో భువనేశ్వర్‌లో జరిగిన మన దేశపు క్లబ్బుల సూపర్ కప్పులో, అంతకుముందు గెలిచిన ఈస్ట్ బెంగాల్ తొలి మ్యాచ్‌లోనే కేరళ బ్లాస్టర్స్ చేతిలో 2-0తో ఓడి ఇంటికెళ్లింది. ఒక్క విషయంలో మాత్రం నేను ఎఫ్ఏ కప్పు దారి వదిలేశాను. వాళ్లు రౌండు రౌండుకూ మళ్లీ డ్రా తీస్తారు. మనకు కళ్యాణదుర్గం, ఉరవకొండ నుంచి వచ్చే పిల్లలు బస్సు టైము చూసుకోవాలి. అందుకే ఒకేసారి తీసి ఫైనల్ దాకా చార్టు గీసేస్తాను.

జట్టు రాకపోతే ఎంతసేపు చూడాలో ముందే రాసుకోండి. మాది పదిహేను నిమిషాలు, తర్వాత వాకోవర్, అంటే వచ్చిన జట్టు ఆడకుండానే గెలిచినట్టు. పైన చెప్పిన సూపర్ కప్పులోనూ చర్చిల్ బ్రదర్స్ తప్పుకుంటే మోహన్ బగాన్ నేరుగా క్వార్టర్స్‌కు వెళ్లింది.

స్కోరు సమమైతే ఏం చేయాలి? మళ్లీ మ్యాచ్ పెడతామనకండి. ఆ క్వీన్స్ పార్క్ సెమీస్‌లో 0-0 చేసింది, కానీ మళ్లీ లండన్ వచ్చి ఆడడానికి డబ్బుల్లేక తప్పుకుంది. ఎఫ్ఏ కప్పు ప్రధాన రౌండ్లలో 2024-25 నుంచి రీప్లేలు పూర్తిగా ఎత్తేశారు. మన మే ఎండలో ఎక్స్‌ట్రా టైము కూడా ఫైనల్‌కు ఉంచితే చాలు, మిగతా వాటికి నేరుగా పెనాల్టీలే.

పెనాల్టీ చుక్క గోల్ లైను నుంచి 11 మీటర్లు. అడుగులేసి కొలవొద్దు, పొడుగు కాళ్లవాడు వేస్తే పన్నెండు దాటుతుంది. తాడు కొలిచి ముడేసి పెట్టుకోండి. గీతలకు సున్నం వద్దు, జారిపడినవాడి కళ్లలో పడితే మండిపోతుంది. ముగ్గుపిండి చాలు. రిఫరీ రెండుసార్లు టాస్ వేయాలి, ఏ గోల్ వైపు కొట్టాలో ఒకసారి, ఎవరు ముందు కొట్టాలో ఇంకోసారి. మ్యాచ్ ముగిసేటప్పుడు ఆటలో ఉన్నవాళ్లే కొట్టాలి. బెంచీ మీద కూర్చున్న మొనగాణ్ని ఆఖర్లో దింపుతామంటే కుదరదు. ఐదేసి కొట్టాక కూడా సమంగా ఉంటే ఒక్కొక్కటి. గోల్‌కీపర్‌తో సహా అందరి వంతూ అయ్యేదాకా ఎవరూ రెండోసారి కొట్టకూడదు. తన్నే క్షణంలో కీపర్ ఒక కాలైనా గీత మీదో, దాని వెనకో ఉంచాలి. ఇది చూడడానికే ఒక మనిషిని నిలబెట్టండి.

ఇవన్నీ ఒక పేజీకి కుదించి, వెనకవైపు చార్టు వేసి, డ్రా తీసిన చోటే కెప్టెన్లందరి చేత సంతకం పెట్టించండి. జట్టుకో కాపీ ఇచ్చి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. సెమీస్ రోజు ఎవరో ఒకరు అడుగుతారు.