స్కాన్ నార్మల్ అన్నారు, తలనొప్పి మాత్రం తగ్గట్లేదా? ఇలా చేయండి

బండి మీద నుంచి పడ్డారు, తలకు దెబ్బ తగిలింది, సీటీ స్కాన్ తీసి "కంగారేం లేదు, ఇంటికెళ్లండి" అన్నారు. వారాలు గడిచినా తలనొప్పి వదల్లేదు. ఇంట్లోవాళ్లేమో స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, ఊరికే టెన్షన్ పడుతున్నావంటారు. మీ నొప్పి నిజమైనదే. సీటీలో ముఖ్యంగా చూసేది రక్తస్రావం అయిందా, ఎముక విరిగిందా, వాపు ఉందా అని. తల ఒక్కసారిగా కుదిపేసినట్టయినప్పుడు మెదడులోని సన్నటి నరాల పోగులు సాగి దెబ్బతింటాయి, అది చాలామందికి సీటీలో కనిపించదు.

అయితే నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా ఉండి లేపినా సరిగ్గా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్లలా కారినా ఇంకేం చూడకండి, 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలాక బాగానే మాట్లాడిన మనిషి కొన్ని గంటల తర్వాత పడిపోవడం కూడా ఉంటుంది. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లకు దెబ్బ చిన్నదే అనిపించినా చూపించాల్సిందే.

ఇక మానని నొప్పి సంగతి. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు, తెలిసేది దాని చుట్టూ ఉన్న పొరలకి, రక్తనాళాలకి, మెడ కండరాలకి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, పైకి వెళ్లే నొప్పి కబురు అక్కడే తగ్గడమో పెరగడమో జరుగుతుందని ప్రతిపాదించారు. మెదడు కింది భాగం నుంచి దిగే దారులు కూడా నొప్పిని అణిచిపెడతాయని తర్వాత తెలిసింది. తల గాయమైన ఎలుకల్లో ఈ అణిచే శక్తి తగ్గడం ప్రయోగశాలల్లో చూశారు. మునుపు పట్టించుకోని ట్యూబ్‌లైట్ వెలుగు, పెళ్లి ఊరేగింపు డీజే మోత ఇప్పుడు భరించలేకపోతున్నారంటే అది మీ మనసు బలహీనత కాదు.

ఈరోజే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. "తలనొప్పి వచ్చింది" అని రాస్తే డాక్టర్‌కి పనికిరాదు, ఇలా రాయండి: మంగళవారం, సాయంత్రం 5, ఎడమ కణత, పదికి ఆరు, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య మొదలైంది, రాత్రి సరిగ్గా నిద్రలేదు, పారాసిటమాల్ ఒకటి, గంటకి మూడుకి దిగింది. దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు నొప్పి మొదలైందా లేదా అన్నది మొదటి పేజీలోనే రాసిపెట్టండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. 3 నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా చూస్తారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రల సంగతి. సందు చివర మెడికల్ షాపులో అడిగి రోజూ ఒకటి వేసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మిశ్రమ మాత్రలైతే 10 రోజులు, అలా 3 నెలలకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. అందుకే మాత్ర వేసుకున్న తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. డాక్టర్ రాసిచ్చిన మందులు మాత్రం సొంతంగా ఆపేయకండి.

విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులు చాలు, ఫోన్ కూడా అప్పుడు బాగా తగ్గించండి. ఆ తర్వాత చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెడితే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. పొద్దున్నే, బస్తీ పార్కులో రద్దీ లేనప్పుడు నెమ్మదిగా నడవండి, నొప్పి కాస్త పెరిగితే ఆగండి, మర్నాడు మళ్లీ వెళ్లండి. నిద్ర వేళలు మార్చకండి. మెడ పట్టేసినట్టుంటే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి, తలనొప్పికి మూలం మెడలోనే ఉండొచ్చు.

న్యూరాలజిస్ట్ దగ్గరికి, నిమ్స్ ఓపీ అయినా మీ దగ్గర్లోని ఆసుపత్రి అయినా, డిశ్చార్జ్ కాగితం, స్కాన్ ఫిల్ములు, నోట్‌బుక్, వాడిన మాత్రల ఖాళీ షీట్లు అన్నీ పట్టుకెళ్లండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి, మీకు గుర్తులేని చిరాకు, మతిమరుపు వాళ్లు చెప్పగలరు.