జేబులో ఒక్క వచనం

ప్రార్థనకు గంటసేపు దొరకలేదని ఆ రోజంతా దేవునికి దూరంగా గడిపేయకుండా, ఉదయం ఫోను ముట్టుకోకముందే బైబిలులోని 119వ కీర్తనలో ఒక భాగాన్ని పైకి వినబడేలా, మెల్లగా చదవండి. 176 వచనాలున్న ఆ కీర్తన 8 వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది కనుక రోజుకొకటి సరిపోతుంది. మనసును తాకిన ఒక్క వచనాన్ని చిన్న కాగితంపై మీ చేతితో రాసుకొని జేబులో ఉంచుకోండి. బైబిలులోని ప్రవక్త దానియేలు దినమునకు ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించినట్టే, మధ్యాహ్నమూ రాత్రీ ఆ కాగితాన్ని తీసి, అందులోని మాటనే ప్రార్థనగా మార్చండి: “నీ వాక్యము నా పాదములకు దీపము” అన్నదైతే, “ప్రభువా, ఈ నిర్ణయంలో నాకు వెలుగు చూపించు” అని అడగవచ్చు. మాటలు రాని రోజున (అలాంటి రోజులు అందరికీ వస్తాయి) వచనాన్ని ఉన్నదున్నట్టు చదివి, కాసేపు ఆయన సన్నిధిలో మౌనంగా ఉండండి.