మీ క్లాసులోనే చిన్న పరిశోధన చేయాలంటే

యాక్షన్ రీసెర్చ్, అంటే టీచర్ తన క్లాసులో తానే చేసుకునే చిన్న పరిశోధన, అనగానే చాలామంది టీచర్లు ఒక ప్రశ్నావళి తయారుచేసి, శాతాలు కట్టి, గ్రాఫులు గీసి ఫైలు నింపేస్తారు. ఆ ఫైలు వల్ల క్లాసులో వెంట్రుకవాసి కూడా మారదు. నిజానికి కావలసింది ఒక చిన్న ప్రశ్న, ఒక నోట్‌బుక్కు, కాస్త ఓపిక. అన్నిటికన్నా ముందు, ఏదీ మార్చకముందే ఇప్పుడు క్లాసులో ఏం జరుగుతోందో రాసిపెట్టుకోవాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే, తీరా చివర్లో పోల్చి చూసుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. "పిల్లల్లో ఆసక్తి పెంచడం ఎలా" అనేది ఉపన్యాసానికి పనికొస్తుంది గానీ పరిశోధనకు పనికిరాదు. "ప్రశ్న అడిగాక నేను మూడు సెకన్లు ఆగితే, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు జవాబు చెబుతారా?" అని అడగండి, దీన్ని లెక్కపెట్టొచ్చు. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు ప్రైమరీ సైన్స్ క్లాసుల టేపులు విని తేల్చిన విషయమిది. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సుమారు ఒక్క సెకను, ఆ వెంటనే ఇంకొకర్ని అడగడమో, జవాబు తామే చెప్పేయడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న క్లాసుల్లో జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండేవాళ్ళు తగ్గారు, వెనకబడ్డారని అనుకున్న పిల్లలు కూడా మాట్లాడారు. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా అలాగే ఆగాలని రో చెప్పారు, కానీ ఈ రెండో విరామాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

సరే, మొదట హెడ్‌మాస్టర్ దగ్గరా తల్లిదండ్రుల దగ్గరా అనుమతి తీసుకోండి, ఎందుకు రికార్డు చేస్తున్నారో, ఎప్పుడు చెరిపేస్తారో చెప్పండి, నోట్‌బుక్కులో పిల్లల పేర్ల బదులు నంబర్లు వేసుకోండి. తర్వాత మామూలుగా చెప్పే నాలుగైదు పాఠాలు ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికెళ్ళి వినండి. మన గొంతు మనమే వినడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, పర్లేదు. ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు ఎవరు చెప్పారు, ఎన్ని మాటల్లో చెప్పారు, ఈ మూడే చాలు. పిల్లలు ఎక్కడెక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గీసుకుని జవాబు చెప్పిన చోటల్లా టిక్కు పెడితే, ఒక మూల అంతా ఖాళీగా ఉండిపోవడం కళ్ళకు కడుతుంది.

ఇప్పుడు మార్చండి, కానీ ఒక్కటే మార్చండి. అదే వారం కొత్త చార్టులు, గ్రూప్ వర్కు, స్టార్లు ఇవ్వడం కూడా మొదలుపెడితే ఫలితం దేనివల్ల వచ్చిందో దేవుడికే తెలియాలి.

అసలు చిక్కు ఫలితం చూసేటప్పుడు వస్తుంది. ఆరేళ్ళ పిల్లలు మూడు నెలల్లో మీరు ఏం చేసినా చేయకపోయినా ఎదుగుతారు, అందుకని "ముందు ఇంత, తర్వాత ఇంత" అన్నంత మాత్రాన మీ పద్ధతి పనిచేసిందని కాదు. వీలైతే పక్క సెక్షన్‌తో పోల్చండి, లేదంటే రెండు వారాలపాటు ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగడం, రెండు వారాలు పాత పద్ధతి, మళ్ళీ రెండు వారాలు మూడు సెకన్లు ఆగడం, ఇలా మార్చి మార్చి చూడండి. ఒక పరీక్షలో అట్టడుగున ఉన్న పిల్లల్ని మాత్రమే ఎంచుకోకండి, ఆరోజు జ్వరమో నిద్రలేమో వల్ల మార్కులు తగ్గినవాళ్ళు అందులో ఉంటారు, వాళ్ళు తర్వాతి పరీక్షలో ఎలాగూ పైకొస్తారు. ఇంకొకటి, మన ఆశ మన చెవుల్ని మోసం చేస్తుంది. కొన్ని రికార్డింగులు ఏ వారానివో చెప్పకుండా తోటి టీచర్‌కిచ్చి లెక్కపెట్టమనండి.

ఎప్పుడు కొలిచారన్నదీ ముఖ్యమే. 1962లో అమెరికాలోని మిషిగన్‌లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనంలో 123 మంది పిల్లలున్నారు, వాళ్ళలో ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళని వెళ్ళనివాళ్ళతో పోల్చారు. ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళకు మొదట్లో వచ్చిన ఐక్యూ ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది, కానీ 40 ఏళ్ళ వయసులో చూస్తే వాళ్ళ సంపాదన ఎక్కువగా, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. మనం అంతకాలం ఎదురుచూడలేం గానీ, కనీసం ఒకట్రెండు నెలలాగి మళ్ళీ రెండు పాఠాలు రికార్డు చేయొచ్చు కదా.

చివరికి ఒక్క పేజీ రాయండి: ప్రశ్న, మొదటి లెక్క, ఏం మార్చారు, తర్వాతి లెక్క, ఏది అనుమానంగా ఉంది. తేడా ఏమీ రాకపోతే అదీ రాసి స్టాఫ్ రూమ్‌లో చూపించండి, అదే పని ఇంకొకరు మళ్ళీ మొదటినుంచి చేసే అవసరం తప్పుతుంది.