వాన రోజు పళ్లెం, గరిటె ఆట

బయటికి వెళ్లే వీల్లేక మూడు, నాలుగేళ్ల పిల్లలు సోఫా మీంచి దూకుతుంటే ఒక స్టీలు పళ్లెం, గరిటె తీసుకోండి. మోగుతున్నంతసేపు గెంతాలి, ఆగగానే బొమ్మలా నిలబడిపోవాలి. మన స్టాచ్యూ ఆటే, కాకపోతే చప్పుడుతో.

కిటుకంతా ఎప్పుడు ఆపుతారన్నదాంట్లోనే ఉంది. ప్రతిసారీ ఒకేలా ఆపితే పిల్లలు పసిగట్టేస్తారు. ఒకసారి 20 సెకన్లు, మరోసారి మూడే సెకన్లు వాయించండి. నిలబడటం మాత్రం రెండు మూడు సెకన్లు చాలు, ఈ వయసులో అదే ఎక్కువ. కదిలిన వాళ్లను ఔట్ చేయొద్దు. గెంతాల్సిన పిల్లాడే మూల కూర్చుంటాడు, పైగా ఏడుపు.

అలవాటయ్యాక మెల్లగా కొడితే ఏనుగు నడక, గబగబా కొడితే కుందేలు గెంతులు. తర్వాత రూలు తిరగేయండి: మోగితే ఆగాలి, ఆగితే గెంతాలి. మా ఇంట్లో ఇక్కడ ముందు తప్పేది పెద్దవాళ్లే!

నేల తడి లేకుండా తుడిచి, సాక్సులు విప్పించాకే మొదలుపెట్టండి. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ పది నిమిషాలూ అందులో లెక్కే. కింది పోర్షన్ వాళ్లకు మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి.