అపార్ట్‌మెంట్‌లో కారు ఛార్జర్‌కు విడి మీటరు

ఎలక్ట్రిక్ కారు కొన్నానని తెలియగానే హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ సంఘం అడ్డుపడింది. సెల్లారులో ఛార్జర్ పెడితే ఉమ్మడి కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుందట. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. ఒకరి కారుకు అందరూ ఎందుకు కట్టాలి?

చిక్కు విప్పినవి 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు. వాహన ఛార్జింగ్ కోసం వినియోగదారు అడిగితే విడిగా కనెక్షన్ ఇవ్వాలని అందులో ఉంది. ఆ పేజీని ముద్రించి సమావేశంలో పంచాను. విడి మీటరు, విడి బిల్లు అనగానే సగం గొంతులు తగ్గాయి. మిగతా రభసంతా కేబుల్ ఏ గోడ వెంట వెళ్లాలన్నదాని మీదే!

సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకండి. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్‌కు కేటాయించిన 2,000 కోట్ల రూపాయలు బహిరంగ కేంద్రాల కోసమే. తెలంగాణ ఇచ్చే రోడ్డు పన్ను మినహాయింపు బండికి, ఛార్జర్‌కు కాదు.

7.4 కిలోవాట్ల ఛార్జర్ సింగిల్ ఫేజ్ మీద దాదాపు 32 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. అందుకే మా ఎలక్ట్రీషియన్ పాత వైరింగు జోలికి పోకుండా మీటరు గది నుంచి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ లాగి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ బిగించి, ఎర్తింగ్ కొత్తగా వేశారు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఛార్జర్ బ్రాండు దగ్గర బేరమాడండి గానీ ఎర్తింగ్ దగ్గర వద్దు.