ఫండ్ ఆగినా హెచ్ఐవీ మందులు ఆగకుండా చూడటం ఎలా

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే హైదరాబాద్‌లో ట్రాన్స్ వాళ్ళ కోసం 2021 నుంచి నడుస్తున్న మిత్ర్ క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరిచారు, కానీ అందరికీ అలా ఎవరో ఒకరు దొరుకుతారని కూర్చోలేం కదా. అందుకే హెచ్ఐవీ మీద పనిచేసే చిన్న సంస్థల కోసం ఇది రాస్తున్నా.

ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, 2004 నుంచి ప్రభుత్వ సెంటర్లలో ఫ్రీ, 2017 హెచ్ఐవీ చట్టం కూడా ఇవ్వాలనే చెప్తోంది. డోనర్ వెళ్ళిపోతే ముందు పోయేది ఫోన్ చేసి "అక్కా, మందులు తెచ్చుకున్నావా" అని అడిగే మనిషి జీతం, ఆ ఫోన్ ఆగితే మందులు మానేసేవాళ్ళు ఉంటారు. కాబట్టి ట్రైనింగులు, హోటల్ మీటింగులు, పెద్ద ఆఫీసు ఇవన్నీ తగ్గించాకే అలా ఫోన్ చేసే, ఇళ్ళకి వెళ్ళే ఔట్‌రీచ్ వర్కర్ జోలికి వెళ్ళండి.

ఫండ్ ఆగిన మొదటి వారంలోనే ఎవరిని ముందు చూడాలో లిస్టు రాయండి. కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్ళు, గర్భిణులు, టీబీ కూడా ఉన్నవాళ్ళు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందనేది) తగ్గనివాళ్ళు, గతంలో మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళు, వీళ్ళు ముందు. ఆ లిస్టు వాట్సాప్‌లో మాత్రం తిప్పకండి, వాళ్ళు ఒప్పుకోకుండా ఒకరి హెచ్ఐవీ స్టేటస్ బయటపెట్టడం చట్టప్రకారం తప్పు.

ఇంటికెళ్ళినప్పుడు డబ్బా తీయించి మాత్రలు లెక్కపెట్టండి, రోజుకొకటి వేసుకునేవాళ్ళకి 12 మిగిలితే 12 రోజులే టైమ్. ఇంట్లోవాళ్ళు చూస్తారని లేబుల్ చింపేసేవాళ్ళు ఉంటారు, అలాంటి డబ్బాకి మూత మీద మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ ఒక్కటే రాయండి.

తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి మెడికల్ ఆఫీసర్‌తో కూర్చుని, స్టేబుల్‌గా ఉన్నవాళ్ళకి ఒకేసారి రెండుమూడు నెలల మందులు ఇవ్వమని, దూరం ఊళ్ళవాళ్ళని దగ్గర్లోని లింక్ ఏఆర్‌టీకి (ఏఆర్‌టీ సెంటర్‌కి అనుబంధంగా మందులు ఇచ్చే చిన్న సెంటర్) మార్చమని అడగండి, బస్సు ఛార్జీలు లేకే ఆగిపోయేవాళ్ళు చాలామంది. టీబీ ఉన్నవాళ్ళకి పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకి 1000 రూపాయలు వస్తాయి, వాళ్ళ బ్యాంక్ అకౌంట్ అందులో నమోదైందో లేదో మీరే చూడండి.

ట్రాన్స్ వాళ్ళకి కావాల్సిన హార్మోన్ల లాంటివి ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చేవి కావు, నా దృష్టిలో సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం పెట్టే డబ్బు) అడగాల్సింది వీటికీ, ఒక్క వర్కర్ జీతానికీ. బిల్డింగ్ అడగకండి, "ఇంతమందికి ఏడాది ఫాలోఅప్, ఇంత ఖర్చు" అని ఒక పేజీ తీసుకెళ్ళండి.

మూసేయక తప్పకపోతే కనీసం నెల ముందే అందరికీ చెప్పండి, తలుపు మీద దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్ అడ్రస్, ఓపీ టైమింగ్స్, 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబర్ తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించండి.