రేడియేషన్ అయ్యాక ఎమ్మారై: గడ్డ ఆగిందో లేదో ఎలా చూడాలి

మెదడులో క్యాన్సర్ కాని గడ్డకు, అంటే మెదడు పొర మీద వచ్చే మెనింజియోమా, చెవి నరం మీద వచ్చే ష్వానోమా లాంటివాటికి రేడియేషన్ ఇచ్చాక అది మాయమైపోవాలని చూడకండి, పెరగకుండా ఆగితే చాలు, వైద్యం పనిచేసినట్టే.

మా మేనత్తకు ఆరు నెలల స్కాన్‌లో గడ్డ కాస్త పెద్దదిగా కనిపించింది. హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా బస్సులో ఫిల్ముల కవర్ ఒళ్లో పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు పాపం. కానీ ష్వానోమా మొదటి ఏడాది, ఏడాదిన్నరలో వాచి, స్కాన్‌లో గడ్డ మధ్యలో నల్లగా కనిపించి, తర్వాత తగ్గడం తరచూ జరిగేదే. అందుకే ఒక్క స్కాన్‌తో టెన్షన్ పడొద్దు.

రేడియేషన్‌కు ముందు తీసిన ఎమ్మారై సీడీ మాత్రం ప్రాణంలా దాచుకోండి. ప్రతిసారీ దానితోనూ, పోయినసారి స్కాన్‌తోనూ పోల్చమని అడగండి, ఎందుకంటే ఏటా కొంచెం కొంచెం పెరిగేది పోయినసారి దానితో మాత్రమే చూస్తే కంటికి ఆనదు. వీలైతే అదే సెంటర్, అదే మెషీన్, సన్నని స్లైసులు, అంటే పల్చని పొరలుగా తీసిన స్కాన్ బొమ్మలు. స్లైసు మందం మారినా కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. కిడ్నీ సమస్య ఉంటే గడ్డ స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లండి. తలనొప్పి ముదిరినా, వాంతులైనా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా స్కాన్ తేదీ దాకా ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.